కావలి యెవరిది?

రక్షకభటశాఖ రాష్ట్రముల యధీనమున నుండవలెనా, కేంద్రప్రభుత్వము చేతిలో నుండవలెనా యను వాదము మన దేశమున మరల మరల తలయెత్తుచున్నది. దీనిని గూర్చి వ్రాయువారు సాధారణముగ రెండు పక్షములుగ చీలి, రాజ్యాంగమునుండి కొన్ని యధికరణములను, చరిత్రనుండి కొన్ని యుదాహరణములను ఏరుకొని తృప్తి నొందుచున్నారు. ఆ రెండు వాదములను కడపజిల్లా యందలి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల యనుభవముతో నొరసి చూచుటయే యీ వ్యాసము నుద్దేశము. ఇన్నూరేండ్లకు పైగా నీ సీమలో పాళెగాని కావలి, గ్రామపెద్ద కావలి, మదరాసు కావలి, రాష్ట్రపు కావలి, కేంద్రవిచారణసంస్థ, అన్నియు ఒకదానివెంట నొకటి వచ్చినవి. ఒకే నేలమీద నిన్ని పద్ధతులు పరీక్షింపబడిన తావులు మన తెలుగుదేశమున నరుదు.

రాష్ట్రాధికారమును సమర్థించువారి మాట మొదట విందము. భారతదేశము బహుభాషల, బహుమతముల, బహుజాతుల దేశము. కావలి కాయువానికిని, కష్టము చెప్పుకొనువానికిని ఒకరి మాట యొకరికి తెలియవలెను. జమ్మలమడుగు ప్రక్క పల్లెలో నొక రైతు తన చేనిగట్టు జరిగినదని మొరపెట్టుకొనినపుడు, ఆ గట్టువెనుక మూడుతరముల దాయాదివైరము గలదో లేదో యెరుగనివాడు విచారణ చేయజాలడు. ప్రొద్దుటూరి బజారులో ఉర్దూ మాటలాడు నొక కుటుంబమునకును, తెలుగు మాటలాడు మరియొక కుటుంబమునకును తగవు వచ్చినచో, ఉభయుల నుడికారమును తెలిసినవాడు సర్దినట్లు కొత్తవాడు సర్దలేడు. అందువలననే రాజ్యాంగకర్తలు ఏడవ షెడ్యూలునందలి రెండవ పట్టికలో శాంతిభద్రతలను 1వ యంశముగను, పోలీసును 2వ యంశముగను జేర్చి రాష్ట్రములకు విడిచిరి. ఢిల్లీనుండి నడుచు పోలీసు ఢిల్లీకి నచ్చని రాష్ట్రములమీద కొరడాగ మారునని వీరి భయము.

కేంద్రపక్షమువారు దీనికి సరిగా నెదురుమాట చెప్పుదురు. దగ్గరితనమే దోషమునకు మూలమని వీరి వాదము. సాక్షియు, ముద్దాయియు, ఠాణాలోని కానిస్టేబులును ఒకే పెన్నేటి నీరు త్రాగువారైనచో సత్యము బయటికి వచ్చు టెట్లు? ఇన్‌స్పెక్టరు బదిలీ యా నియోజకవర్గపు నాయకుని నోటిమాటమీద నున్నపుడు, ఆ నాయకునిపై వచ్చిన ఫిర్యాదును ఆ యిన్‌స్పెక్టరు ఏ కలముతో వ్రాసికొనును? కావున ఊరితో బంధుత్వము, ఓట్లతో పొత్తు, భూములతో లావాదేవి లేని దూరపువాడే నిష్పక్షపాతి కాగలడని వీరందురు. ఈ మాటయు కొట్టివేయదగినది కాదు.

రెండు పక్షములును ఎదుటివాని లోపమును చక్కగ గనిపెట్టినవి. రెండును తమ లోపమును జూడలేదు. దీనికి గారణ మొక్కటియే. ఉభయులును కావలి యెవరి సొత్తు అను ప్రశ్నచుట్టునే తిరుగుచున్నారు. కావలివాడు ఎవరికి బాధ్యుడు, తన పని చెడినచో నతడు గాని, అతనిని నియమించిన ప్రభువు గాని, నష్టపడినవానికి ఏమి యిచ్చుకొనవలెను అను ప్రశ్నను ఎవరును ముందుకు దెచ్చుట లేదు. ప్రాచీనులు ఆ ప్రశ్నతోనే ప్రారంభించిరి.

మన ధర్మశాస్త్రములలో రక్షణవిధానము దగ్గరను, దూరమును గలిపినట్టిది. మనుస్మృతి యేడవ యధ్యాయము ఒక గ్రామమునకు, పదింటికి, ఇరువదింటికి, నూటికి, వేయింటికి అధిపతులను వేరువేరుగ నియమింపుమని చెప్పి, క్రిందివాడు తన చేతిలో తీరని దోషమును పైవానికి తెలుపవలెనని విధించినది. అంతటితో నాగక, ప్రజలను కాపాడుటకై నియమింపబడిన భృత్యులే తరచుగ పరధనము నపహరించు వంచకు లగుదురనియు, వారి బారినుండి ప్రజలను రాజే కాపాడవలెననియు హెచ్చరించినది. యాజ్ఞవల్క్యుడు ఇంకొక యడుగు ముందుకు వేసెను. దొంగలు గొనిపోయిన సొత్తును రాజు ప్రజలకు తిరిగి యీయవలెనని యాతని మతము. దొంగజాడ ఏ గ్రామముతో నిలిచిపోవునో ఆ గ్రామము పూచీ వహింపవలెను. కౌటిల్యుడు కంటకశోధన మను నధికరణములో దొంగలతోపాటు అధికారులను గూడ శోధింపదగిన కంటకములలో జేర్చెను. ఈ శాస్త్రములలో నేటి మనకు అంగీకరింపరాని విషయము లనేకములు గలవు. వర్ణమునుబట్టి శిక్షను మార్చుట యందొకటి. కాని రక్షింపలేనివాడు పూచీదారుడు అను నీ సూత్రము నేటికిని మేలైనది.

ఈ సూత్రము పుస్తకములలో మాత్రమే యుండినది కాదు. దత్తమండలములలో కావలి యను నేర్పాటు దానిమీదనే నిలిచెను. ఊరివారు కావలిరుసుము చెల్లింతురు. పాళెగాడు గాని, వాని క్రింది కట్టుబడి బంట్రోతు గాని, ఊరి తలారి గాని రాత్రి కావలి కాయును. సొత్తు పోయినచో దొంగను పట్టవలెను, లేదా సొత్తువిలువను చెల్లింపవలెను. వినుటకు ఇంతకంటె న్యాయమైన పద్ధతి లేదు. ఆచరణమున నేమయ్యెను? రుసుము వసూలుచేయు పాళెగాడే బంట్లను గూర్చుకొని, రుసుమీయని యూరిమీద దోపిడి పంపగల బలవంతుడయ్యెను. పూచీ యను మాట మిగిలెనేగాని, ఆ పూచీని నెరవేర్పించు పైయధికారి లేకపోయెను. పాళెగాడు చెల్లింపనిచో రైతు ఎవరితో జెప్పుకొనును? 1800 అక్టోబరు 12 నాటి సంధిచే నిజాము ఈ మండలములను ఈస్టిండియా కంపెనీకి వదలుకొనునాటికి ఇక్కడ సుమారు 80 మంది పాళెగాండ్రుండిరి. దగ్గరి కావలి పైన నియంత యెవడును లేనపుడు ఎట్లు మారునో వారి చరిత్రయే చెప్పును.

తరువాత వచ్చిన థామస్ మన్రో 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగ నుండి, పాళెగాండ్ర బలమును సైన్యముతో నణచెను. మదరాసు రాజధానిలో 1802 నాటి నిబంధనలు పాళెగాండ్ర కావలిహక్కును రద్దుచేసి, జీతగాండ్రైన దరోగాలను నిలిపినవి. దరోగా దూరపువాడు. ఊరి గుట్టు వానికి తెలియదు. ఊరు వానిని నమ్మదు. కొలదికాలములోనే ఆ పద్ధతి విఫలమైనదని తోచి, మన్రో యధ్యక్షతను జరిగిన విచారణ ఫలితముగ 1816లో 11వ రెగ్యులేషను వచ్చెను. గ్రామపు రెడ్డికి, తలారికి పాతపని తిరిగి యప్పగింపబడెను. వారిపై తహశీల్దారు, అతనిపై కలెక్టరు నిలిచిరి. పదునాలుగేండ్లలో పోలీసు ఊరినుండి దొరతనమునకు బోయి, మరల ఊరికి వచ్చెనన్నమాట. నేటి వాదమున కిది మొదటి ఆవృత్తము.

1816 నాటి యేర్పాటులో నొక గొప్ప లోపము దాగియుండెను. శిస్తు వసూలుచేయువాడును, దొంగను పట్టువాడును ఒక్కడే యయ్యెను. శిస్తు బాకీపడిన రైతును బాధించువాడు తహశీల్దారు బంట్రోతు. ఆ బాధపై ఫిర్యాదు వినవలసినవాడును తహశీల్దారే. దాని ఫలితము 1855లో చిత్రహింసల విచారణసంఘము నివేదికలో లోకమునకు వెల్లడియయ్యెను. మదరాసు రాజధానియందు శిస్తుకొరకును, నేరము నొప్పించుటకొరకును రైతులను, నిందితులను హింసించుట వాడుకగ నున్నదని ఆ సంఘము తేల్చెను. ఆ హింసించినవారు మన భాష మాటలాడినవారే, మన యూరివారే. భాష తెలిసినంతమాత్రమున కనికర ముండునని నమ్మువారు ఈ నివేదికను మరువరాదు.

ఇదే కాలమున ఈ సీమలో మరియొక సంగతి జరిగెను. ఊరి కావలికై కట్టుబడి బంట్రోతులు అనుభవించుచుండిన యినాము భూములను దొరతనము తిరిగి తీసికొన నారంభించెను. తరతరముల వృత్తి పోయిన కట్టుబడులు 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడచిరి. ఆ సంవత్సరము జూలైలో కోవెలకుంట్ల ఖజానాపై దాడి జరిగెను. ఉయ్యాలవాడ, కోవెలకుంట్ల నాడు కడపజిల్లాలోనివే, జమ్మలమడుగునకు పొరుగుసీమ. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో రెడ్డి నురిదీసిరి. వీరగాథగ మనము దానిని చెప్పుకొనుచున్నాము, చెప్పుకొనదగినదే. కాని అందులో రాజనీతి నేర్చుకొనదగిన పాఠ మొకటి గలదు. నిన్నటి కావలివానిని నేడు వృత్తి తప్పించి వీథిలో విడిచినచో, వాడు కత్తిని పారవేయడు. స్థానికరక్షణను రద్దుచేయుట కలముపోటుతో నగును గాని, ఆ పనిచేయు మనుష్యులు ఆ పోటుతో మాయముగారు.

తదుపరి మదరాసు ప్రభుత్వము గడియారపు లోలకమువలె మరల నవతలికి బోయెను. 1859లో 24వ చట్టముచే శిస్తుశాఖనుండి వేరైన పోలీసుశాఖ యేర్పడెను. రాజధానిలో ముఖ్యాధికారి, జిల్లాకొక సూపరింటెండెంటు, ఒకే దుస్తులు, ఒకే కవాతు. దీనికి మాతృక యేమనగా ఐర్లండులో 1836లో ఇంగ్లీషువా రేర్పరచిన కాన్‌స్టాబ్యులరీ. అది ప్రజలు తమదని యనుకొనని ప్రభుత్వమును నిలబెట్టుటకై తుపాకితో నడిచిన దళము. అందలి భటుని స్వంతజిల్లాలో నుంచెడివారు కారు. అట్టి యచ్చునుండి తీసిన ప్రతిమ కడపకు వచ్చినది. శిస్తును, పోలీసును విడదీయుట నిస్సందేహముగ మేలైన సంస్కరణము. కాని పాతకావలిలో మిగిలియున్న యా పూచీ యను నొక్క మంచిగుణము ఈ మార్పులో పూర్తిగ నంతరించెను. సొత్తు పోయినచో భటుని జీతము పోదు, ఖజానా చెల్లింపదు, సొత్తు పోయినవానికి పోయినట్లే.

దాని ఫలితమును ప్రభుత్వమువారే యొప్పుకొనిరి. ఆండ్రూ ఫ్రేజరు అధ్యక్షుడుగ 1902-03లో బనిచేసిన పోలీసు కమిషను, దేశమందలి పోలీసు సమర్థతకు దూరమై, లంచగొండితనమునకు, బాధించుటకు పేరుబడి, ప్రజల విశ్వాసమును బొందలేకున్నదని తీర్మానించెను. కేంద్రీకరణము లంచమును రూపుమాపునను నమ్మకము నలువదియైదేండ్లు కూడ నిలువలేదు. మరి యీ దూరపు పోలీసునకు ఊరిలోని సమాచార మెక్కడనుండి వచ్చెను? ఆ పాత రెడ్డినుండి, ఆ పాత తలారినుండియే. ఎవడు మంచివాడు, ఎవడు చెడ్డవాడు అను పట్టిక ఊరిలోని బలవంతుడు చెప్పగా ఠాణాలో వ్రాయబడెను.

ఆ కలయిక యొక్క ఘోరరూపమును జూడవలెనన్న ఎరుకలవారి కథ చాలును. 1871లో పుట్టి, 1911 నాటి చట్టముచే మదరాసు రాజధానికి గూడ వ్యాపించిన నేరస్థజాతుల చట్టము, పుట్టుకతోనే కొన్ని జాతులను నేరగాండ్రుగ ముద్రవేసెను. పట్టికలో బేరున్నవాడు ఊరిపెద్దయొద్ద రాత్రి హాజరు పలుకవలెను. అనుమతి లేక పొరుగూరికి బోరాదు. చట్టము చేసినది దూరపు ప్రభుత్వము. హాజరు పట్టినది దగ్గరి పెద్ద. దూరపువానికి ఆ జాతి తెలియదు. దగ్గరివానికి ఆ జాతిపై దయలేదు. దూరపువాని యజ్ఞానమును, దగ్గరివాని దురభిమానమును గలిసి యొక జాతి మెడకు గుదిబండ యైనవి. మదరాసులో 1947లోను, దేశమంతట 1952లోను ఆ చట్టము తొలగెను. బహుజాతుల దేశమున పోలీసు ఎవరి చేతిలో నున్నను, బలహీనజాతి వానికి ఆ పోలీసుపై ఫిర్యాదు చెప్పుకొను తావు లేకున్నచో నేమగునో యిది తార్కాణము.

స్వరాజ్యము వచ్చినపిమ్మట రాష్ట్రమను మాటకు కొత్త మర్యాద వచ్చినది. కాని సింహాద్రిపురము రైతునకు రాష్ట్రరాజధాని తన యూరు గాదు. అది మదరాసైనను, కర్నూలైనను, హైదరాబాదైనను, అమరావతియైనను దూరమే. జిల్లా సూపరింటెండెంటు అఖిలభారత సర్వీసువాడు. ఏ భాషాప్రాంతమునుండియైనను రావచ్చును. కానిస్టేబులు జిల్లావాడు. ఈ యిద్దరి నడుమ ఏ ఠాణాలో నెవడుండవలెనో తేల్చునది మాత్రము తరచుగ స్థానిక రాజకీయము. 1984 జనవరిలో ఆనాటి రాష్ట్రప్రభుత్వము గ్రామమునసబు, కరణముల వంశపారంపర్యపు కొలువులను రద్దుచేసెను. అది స్వాగతింపదగిన సంస్కరణము. కాని ఆ మునసబు కూర్చుండిన యరుగుమీద ముఠానాయకుడు వచ్చి కూర్చుండెను. కావున రాష్ట్రపోలీసును ప్రాంతీయపోలీసనియు, అందుచే ప్రజాపోలీసనియు పిలుచుట యర్ధసత్యమే.

ముఠాకక్షల సంగతి యెరుగని పాఠకులకు ఒక్క మాట. పులివెందుల, జమ్మలమడుగు ప్రాంతములలో కక్షకు మనుష్యప్రాణ మొక్కటే గురిగాదు. ఎదుటిపక్షపు రైతు యేండ్లతరబడి నీరుపోసి పెంచిన చీనీచెట్లను రాత్రికి రాత్రి నరికివేయుట యిక్కడి కక్షలలో నొక యాయుధము. కాపునకు వచ్చిన తోట పోయినచో నా యింటి ఋణము, ఆడపిల్ల పెండ్లి, పిల్లవాని చదువు అన్నియు దానితో గూలును. ఉదయమున ఠాణాకు బోయినవానిని “చూచినవారెవరు?” అని యడుగుదురు. చూచినవారుందురు, చెప్పువారుండరు. ఏలయన చెప్పినవాని తోట రేపటిది. కేంద్రదళమువాడు వచ్చి యీ రైతుతో నేమి మాటలాడును? వానికి తెలుగు రాదు. ఎన్నికలదినమున వాడు పోలింగుస్థానము ముందు తుపాకితో నిలువగా భయము తగ్గుట నిజమే. కాని వాడు మరుసటివారము వేరొక రాష్ట్రమునకు బోవును. చీనీతోట యిక్కడనే యుండును.

ఇక ఇటీవలి కాలమున నీ వాదము నంతయు నొకచోట జేర్చిన వ్యవహారమును గూర్చి చెప్పక తప్పదు. 2018 నవంబరులో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, 1946 నాటి ఢిల్లీ ప్రత్యేక పోలీసు చట్టపు 6వ సెక్షను క్రింద సీబీఐకి రాష్ట్రమిచ్చియున్న సాధారణ సమ్మతిని ఉపసంహరించుకొనెను. 2019 మార్చిలో మాజీమంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి పులివెందులలోని స్వగృహమున హత్యచేయబడిరి. రాష్ట్రపోలీసుల ప్రత్యేకవిచారణబృంద మేర్పడెను. ఎన్నికలలో ప్రభుత్వము మారెను. 2019 జూనులో సీబీఐ సమ్మతి తిరిగి యీయబడెను. అయినను హత్యవిచారణ రాష్ట్రబృందము చేతనే యుండెను. 2020 మార్చిలో ఉన్నతన్యాయస్థానము విచారణను సీబీఐకి అప్పగించెను. 2022 నవంబరులో సుప్రీంకోర్టు, నిష్పక్షపాతవిచారణ జరుగదేమో యను మృతుని భార్యాపుత్రికల భయము కేవలము ఊహ గాదని తలచి, ఆ యభియోగపు విచారణను హైదరాబాదునకు మార్చెను. దోషి యెవ్వరను నిర్ణయము న్యాయస్థానములది. అందు మనకు వ్రాయదగిన దేమియు లేదు.

మనకు వ్రాయదగినది వేరొకటి. ఈ వ్యవహారమున ప్రతిపక్షముగ నున్నపుడు కేంద్రవిచారణ కోరినవారు పాలకులైనపిమ్మట తమ యభ్యర్థనమును వెనుకకు దీసికొనిరి. పాలకులుగ నున్నపుడు రాష్ట్రపోలీసు చాలునన్నవారు ప్రతిపక్షములోనికి వచ్చినపిమ్మట కేంద్రవిచారణ కోరిరి. ఇది యొక పక్షమును నిందించుట గాదు. ఉభయపక్షముల నడవడియు నొక్కటియే. రాష్ట్రాధికారమును, కేంద్రాధికారమును సిద్ధాంతములుగ వినిపించునవి కాని, పెక్కుసమయములలో అవి యప్పటి యవసరమును బట్టి తొడుగుకొను చొక్కాలు. సామాన్య పాఠకుడు ఈ సంగతిని గుర్తించినచో, పత్రికలలోని సగము వాగ్వాదము తనంతట తానే చల్లారును.

మరి యా కుటుంబమునకు దారి దొరకిన దెక్కడ? రాష్ట్రపోలీసుయొద్ద గాదు, కేంద్రప్రభుత్వము స్వయముగ వచ్చియు గాదు. న్యాయస్థానము ముందు నిలిచి యడుగు హక్కు వారికుండుటచే దొరకెను. రాష్ట్రము సమ్మతింపకున్నను ఉన్నతన్యాయస్థానములు సీబీఐ విచారణ కాజ్ఞాపింపవచ్చునని 2010 ఫిబ్రవరిలో పశ్చిమబెంగాలు వ్యవహారమున సుప్రీంకోర్టు తీర్పుచెప్పియుండెను. అనగా కావలి నొకరి చేతినుండి మరియొకరి చేతికి మార్చు నధికారము ఫిర్యాదుదారుని మొర విన్నవానియొద్ద నున్నది. మేలు చేసినది ఢిల్లీ గాదు, ఆ యధికారము. ఐతే, మాజీమంత్రి కుటుంబము హైకోర్టునకు, సుప్రీంకోర్టునకు బోగలదు. చీనీచెట్లు పోయిన రైతు పోగలడా? ప్రొద్దుటూరిలో మగ్గము నేయు నింటి యాడపడుచు పోగలదా? ఇక్కడనే మన సమస్య ప్రారంభమగుచున్నది.

బహుజాతుల దేశములలో నితరత్ర జరిగినదియు నిదే చెప్పుచున్నది. మన యీశాన్యసీమలో 1958 నాటి సాయుధదళముల ప్రత్యేకాధికార చట్టము క్రింద బనిచేయు కేంద్రసైనికునిపై అభియోగము తేవలెనన్న కేంద్రప్రభుత్వపు ముందనుమతి కావలెను. మణిపురపు తల్లులు దశాబ్దములతరబడి మొరపెట్టినది ఈ బాధ్యతారాహిత్యమును గూర్చియే. హైదరాబాదులో వేరొకరీతి తగవు నడచెను. 1975 రాష్ట్రపతి యుత్తర్వులోని 14(ఎఫ్) నిబంధనచే ఆ నగరపు పోలీసుకొలువులు స్థానికులకు ప్రత్యేకింపబడక అందరివి యయ్యెను. 2009లో సుప్రీంకోర్టు ఆ యర్థమునే స్థిరపరుపగా తెలంగాణవారు తీవ్రముగ నాందోళనచేసిరి. తరువాత నా నిబంధన తొలగింపబడెను. వారి కోరికలో న్యాయమున్నది. తన వీథిలో తనవాడు లేని పోలీసును ఎవరును తమదని యనుకొనరు. కాని స్థానికుడు కొలువులో జేరుట వేరు, కొలువులోనివాడు ప్రజలకు జవాబుదారి యగుట వేరు.

ఐర్లండు సంగతి యింకను విచిత్రము. మనకు మాతృకయైన ఆ పాత కాన్‌స్టాబ్యులరీ 1922లో రద్దయ్యెను. ఆ దేశపు ఉత్తరభాగమున దాని వారసదళము ఒక మతమువారిదిగ పేరొంది, ముప్పదియేండ్ల రక్తపాతములో నడచెను. తుదకు 1999లో క్రిస్ పాటెన్ అధ్యక్షతగల సంఘ మిచ్చిన సలహామీద 2001లో కొత్త పోలీసు ఏర్పడెను. ఆ సలహా లండనునకు పూర్తిగ నీయుము అనియు గాదు, ఊరూర వదలుము అనియు గాదు. పదియేండ్లు సగముమంది భటులను కాథలిక్కులనుండి తీసికొనిరి. అన్ని పక్షముల ప్రతినిధులు, ప్రైవేటు పౌరులు కూర్చుండు నొక మండలి పోలీసును ప్రశ్నించునట్లు చేసిరి. పోలీసుపై ఫిర్యాదులను పోలీసు గాక వేరొక స్వతంత్రాధికారి విచారించునట్లు 2000 నుండియే యేర్పాటు జరిగెను. అచ్చు చేసినవారు అచ్చును మార్చుకొనిరి. మనము పాత ప్రతిమను బూజుదులిపి, దాని నెవరి గుడిలో నుంచవలెనని వాదించుకొనుచున్నాము.

మనకును దారి చూపువారు లేకపోలేదు. 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ప్రకాశసింగు వ్యవహారమున ప్రభుత్వములకు కొన్ని యాజ్ఞలిచ్చెను. ఠాణాధికారి మొదలు రాష్ట్రాధిపతి వరకు ముఖ్యాధికారులకు కనీసము రెండేండ్ల స్థిరకాలము; నేరవిచారణ చేయువారిని బందోబస్తు చేయువారినుండి వేరుచేయుట; బదిలీలకు పోలీసధికారుల మండలి; రాష్ట్రమునకును, జిల్లాకును పోలీసుపై ఫిర్యాదులు విను ప్రాధికారసంస్థలు. ఇందు జిల్లాసంస్థకు విశ్రాంత జిల్లాజడ్జి యధ్యక్షుడు. ఈ యాజ్ఞలలో ఒక్కటియు కావలిని ఢిల్లీకి గొనిపోలేదు. ఒక్కటియు నాయకుని యరుగుమీద విడువలేదు. అందువలననే కాబోలు, కేంద్రముగాని రాష్ట్రములుగాని వానిని మనసార అమలుపరుపలేదు.

పాతకావలిలోని పూచీ గూడ కొత్తరూపమున తిరిగి వచ్చుచున్నది. 1993లో ఒరిస్సాకు చెందిన నీలావతీ బెహరా యను తల్లి, పోలీసునిర్బంధమున తన కుమారుడు మరణించెనని సుప్రీంకోర్టునకు ఉత్తరము వ్రాయగా, న్యాయస్థానము దానినే యర్జీగ స్వీకరించి, రాష్ట్రము 1,50,000 రూపాయల పరిహారము చెల్లింపవలెనని తీర్పుచెప్పెను. నేరమువలన నష్టపడినవారికి పరిహారనిధి యుండవలెనని 2008లో నేరవిచారణ స్మృతికి సవరణ వచ్చెను. విచారింపదగిన నేరము తెలియవచ్చినపుడు ఫిర్యాదును నమోదుచేయక తప్పదని 2013లో సుప్రీంకోర్టు చెప్పెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన నాగరిక సురక్షా సంహిత ప్రకారము నేరము ఎచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు వ్రాయింపవచ్చును. యాజ్ఞవల్క్యుడు రాజుపై బెట్టిన భారమును మనము మరల చట్టముపై బెట్టుచున్నాము. ఇందు దగ్గరితనమును, దూరమును రెండును అవసరమైనంతవరకు గలవు.

ఈ కడపటి యేర్పాటు మన గృహములకు మిక్కిలి సంబంధించినది. రక్షకభటుల ప్రశ్న మగవారి రాజకీయమని తలచు గృహిణులు కొందరు గలరు. అత్తింట దెబ్బలుతిన్న పడుచు పల్లెలో మొదట జెప్పుకొనునది పెద్దమనుష్యుల పంచాయతికి. వారు ఇంటిపరువు పేరుచెప్పి యామెను తిరిగి పంపుదురు. ఠాణాకు బోయినచో అక్కడి జమేదారు ఆ పెద్దమనుష్యులకే కబురుపెట్టును. దగ్గరి పోలీసు దోష మంతయు ఈ యొక్క కబురులో నున్నది. ఆమె పుట్టినింటి యూరి ఠాణాలోనో, హైదరాబాదులో సోదరుడున్న వీథి ఠాణాలోనో తన మొర వ్రాయించగలిగినచో ఆ కబురునకు బలము తగ్గును. కాని విచారణ మరల ఆ పల్లెలోనే, ఆ భాష తెలిసినవారిచేతనే జరుగవలెను. మొర వినుటకు దూరపు చెవియు, నిజము తెలిసికొనుటకు దగ్గరి కన్నును కావలెను.

పోలీసును ఇన్నివిధముల ప్రశ్నించినచో వారి యుత్సాహము చచ్చి, దొంగలు బలియుదురని కొందరు చెప్పుదురు. ఉపాధ్యాయవృత్తిలో నున్నవానికి ఈ వాదము కొత్తది గాదు. పర్యవేక్షకుడు వచ్చి పరీక్షించినచో బోధన చెడునని చెప్పినవారు మాలోను గలరు, బోధన చెడలేదు. నిజముగ బనిచేయు భటునికి జవాబుదారితనము శత్రువు గాదు, కవచము. రెండేండ్లు కదల్పరాదని తెలిసిన ఇన్‌స్పెక్టరు నాయకునికి కాదనగలడు. స్వతంత్రసంస్థ విచారించి నిర్దోషి యన్నపుడు ప్రజలు నమ్ముదురు. తోడి పోలీసు నిర్దోషి యన్నపుడు నమ్మరు. పాళెగానికిని, తహశీల్దారుకును, దరోగాకును లేకపోయినది ఈ కవచమే. అందుచేతనే వారిలో మంచివారు గూడ చెడ్డపేరుతోనే పోయిరి.

కావున చదువరులకు నేను మనవిచేయునది యిది. ఎన్నికలవేళ నెవ్వరైన మీ వీథికి వచ్చి పోలీసును రాష్ట్రమున కిత్తుమనియు, కేంద్రమున కిత్తుమనియు చెప్పినపుడు మూడు సంగతు లడుగుడు. మా జిల్లాలో పోలీసుపై ఫిర్యాదు వినువారు పోలీసు గాక వేరెవరు? మా ఠాణాధికారిని కాలము తీరకముందు బదిలీ చేసినచో కారణము వ్రాతమూలకముగ జెప్పుదురా? రక్షణ చెడి తోటయో, ప్రాణమో, మానమో పోయినవారికి ప్రభుత్వ మేమి చెల్లించును, ఎన్నాళ్లలో జెల్లించును? ఈ మూటికి స్పష్టమైన జవాబు చెప్పువారికి కావలి నప్పగింపవచ్చును, వారు విజయవాడనుండి వచ్చినను సరే, ఢిల్లీనుండి వచ్చినను సరే. చెప్పలేనివారు మన భాషయే మాటలాడినను, మన యూరివారేయైనను, వారి చేతికి తాళముచెవులీయుటకు మన మంగీకరింపరాదు.